బీఎస్‌డబ్ల్యూ విద్యార్థి ఒక ఇంటికి వెళ్తే

శ్రోతలకు నమస్కారం.

ఇంటర్ పాసైన పిల్లలు బీఎస్‌డబ్ల్యూ, అంటే బ్యాచిలర్ ఆఫ్ సోషల్ వర్క్‌లో చేరతామంటే, ఇంట్లో పెద్దవాళ్లు మొదట అడిగే మాట "సేవ చెయ్యడానికి చదువెందుకు?" అని. అడగాల్సిన మాటే. మన దేశంలో సోషల్ వర్క్ చదువు 1936లో బొంబాయిలో, సర్ దోరాబ్జీ టాటా పేరిట పెట్టిన విద్యాసంస్థతో మొదలైంది. సమాజశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, చట్టాలు, సంక్షేమ పథకాలు తరగతిలో చెబుతారు. ఫీల్డ్‌వర్క్ మాత్రం ఊళ్లోనో, ఆసుపత్రిలోనో, పిల్లల హోమ్‌లోనో నేర్చుకోవాలి. సాధారణంగా వారానికి రెండు రోజులు. ఈ పూట ఆ ఫీల్డ్‌వర్క్‌లో ఒక్క ఇంటికి వెళ్లిరావడం గురించే చెబుతాను.

మన సిక్కోలు, అంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానమే తీసుకుందాం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలు. ఇక్కడ కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మీకు తెలుసు. ఇంతకీ అసలు కారణం ఫలానా అని తేలనే లేదు. వీటిలో ఒక ఊళ్లో, డయాలసిస్ మీద ఉన్న ఒక పెద్దాయన ఇంటికి విద్యార్థిని వెళ్తుందనుకుందాం.

ముందు ఆశా కార్యకర్తతో మాట్లాడాలి. డయాలసిస్ ఏయే రోజుల్లో ఉందో తెలుసుకోవాలి. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు సూది మీద ఉండి వచ్చిన మనిషి ఆ సాయంత్రం మాట్లాడలేడు. కాబట్టి డయాలసిస్ లేని రోజున వెళ్లాలి. గుమ్మంలోనే పేరు, కాలేజీ, ఎందుకొచ్చిందీ చెప్పాలి. ఎన్ని నెలలు వస్తుందో కూడా ఆ మొదటి రోజే చెప్పెయ్యాలి. దీనికి కారణం చివర్లో చెబుతాను.

ఇప్పుడు అడగడం. "తాతా, మీకేం ఇబ్బందులున్నాయి?" అంటే "ఏటి లేవమ్మా, అలగే ఉన్నాం" అంటాడు. అంతటితో మాట ఆగిపోతుంది. "ఆదాయమెంత?" అని మొదలెడితే ఏదో పథకం రాసుకోడానికి వచ్చిందనుకుంటారు. లేని ఆశ పుడుతుంది. అందుకే జరిగిన రోజు గురించి అడగాలి. "మొన్న డయాలసిస్‌కి ఎన్నింటికి బయల్దేరారు తాతా? వెంట ఎవరొచ్చారు?" అప్పుడు మాట వస్తుంది. "కోడలొచ్చింది. జీడిపిక్కల పని మానుకుని రావాల కదమ్మా. పోయిన వారం రాలేదు, నానూ ఎల్లలేదు."

చూడండి, అసలు సంగతి అక్కడుంది. మందు ఉంది, మిషను ఉంది, మంచమూ ఉంది. వెంట వెళ్లే మనిషికి ఆ రోజు కూలి లేదు.

ఆ రాత్రే రికార్డు రాయాలి. ఆ రాత్రే. మూడు రోజులాగితే తాత అన్న మాట పోయి, మన మాట మిగులుతుంది. "ఈ కుటుంబం వైద్యాన్ని నిర్లక్ష్యం చేస్తోంది" అని రాస్తే, ఫీల్డ్‌వర్క్ దిద్దే సూపర్‌వైజరు ఎర్రసిరాతో కొట్టెయ్యాలి. అది తీర్పు. "పోయిన వారం ఒక డయాలసిస్ తప్పింది. కోడలు పనికి వెళ్లడంతో వెంట ఎవరూ లేరని చెప్పారు." ఇది రికార్డు. చూసిందీ విన్నదీ ఒకచోట, నాకు అర్థమైంది ఇంకోచోట, మళ్లీసారి చెయ్యాల్సింది మరోచోట. పేరు మార్చి రాయాలి. ఫోటో తియ్యకూడదు.

ఇలా రాసుకుంటే తర్వాతి అడుగు దానంతటదే కనిపిస్తుంది. కోడలు పనికి వెళ్లని పూటకు డయాలసిస్ మారుతుందా అని కేంద్రంలో అడగవచ్చు. రావాల్సిన పింఛను అందుతోందో లేదో గ్రామ సచివాలయంలో కనుక్కోవచ్చు. అదే వీధిలో అదే పూటకు వెళ్లే ఇంకో ఇద్దరుంటే, మూడు ఇళ్లవాళ్లను ఒక అరుగు మీద కూర్చోబెట్టి, ఒక ఆటో, ఒక తోడు మనిషి, వంతులవారీగా కుదురుతుందా అని మాట్లాడించవచ్చు. ఒక్క ఇంటితో చేసేది కేస్‌వర్క్, అరుగు మీద జరిగింది గ్రూప్‌వర్క్. ఊరంతా కలిసి బండి కోసం అర్జీ పెడితే అది కమ్యూనిటీ ఆర్గనైజేషన్. సిలబస్‌లోని ఈ మూడు పేపర్లూ ఒక్క గడపలోనే ఉన్నాయి. ఈ చదువులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

వంతులు కుదిర్చేది మాత్రం ఆ మూడు ఇళ్లవాళ్లే. విద్యార్థిని కాగితం మీద గీసి ఇచ్చిన పట్టీ రెండు వారాలు కూడా నిలవదు. ఎవరింట్లో పెళ్లుందో, ఎవరికి ఎవరితో మాటల్లేవో వాళ్లకే తెలుసు.

విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది ఎక్కడంటే, జాలిపడి ఆటో చార్జీ తన చేతిలోంచి ఇవ్వడం. మళ్లీ వారం ఆ డబ్బు కోసం ఎదురుచూస్తారు. విద్యా సంవత్సరం అయిపోతుంది, పిల్ల వెళ్లిపోతుంది, డయాలసిస్ మళ్లీ తప్పుతుంది. ఎన్ని నెలలు వస్తుందో మొదటి రోజే చెప్పమన్నది ఇందుకే. చివరి నెలలో ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని వెళ్లి, ఏం కుదిరిందో, ఏం మిగిలిందో అందరి ముందూ చెప్పి అప్పగించి రావాలి.

ఉద్యోగాల సంగతి ఒక్క ముక్క. జిల్లా బాలల పరిరక్షణ విభాగాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో ఈ డిగ్రీకి చోటుంది. ఆసుపత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్ లాంటి పోస్టులకు ఎక్కువగా ఎంఎస్‌డబ్ల్యూ, అంటే మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్ అడుగుతారు. కాబట్టి మరో రెండేళ్ల చదువుకు సిద్ధపడే చేరండి. కాలేజీకి వెళ్లలేనివాళ్లకు ఇగ్నో, అంటే ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో దూరవిద్యగానూ బీఎస్‌డబ్ల్యూ ఉంది. దానిలోనూ ఫీల్డ్‌వర్క్ తప్పదు.

తల్లిదండ్రులారా, అడ్మిషన్ రోజున ఫీజు ఎంతని అడిగాక ఇవి కూడా అడగండి. ఫీల్డ్‌వర్క్ వారానికి ఎన్ని రోజులు? సూపర్‌వైజరు ఒక్కొక్కరి దగ్గర ఎంతమంది పిల్లలు? రాసిన రికార్డు దిద్ది వెనక్కిస్తారా? వీలైతే పై ఏడాది పిల్లల రికార్డు ఒకటి, పేర్లు కనబడకుండా, చూపించమనండి. ఎర్రసిరా ఎక్కడెక్కడ పడిందో చూసి అప్పుడు చేర్పించండి.