గల్ఫ్‌లో అమ్మానాన్నలు, బరంపురంలో పిల్లాడు: అమ్మమ్మ సంతకం చెల్లదా?

(బరంపురం స్టూడియోలో జరిగిన చర్చలోంచి కొంత భాగం. మాట్లాడినవాళ్లు: యాంకర్, రిటైరైన టీచర్, లాయర్, దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన వెల్డర్, మనవణ్ని పెంచుతున్న అమ్మమ్మ.)

యాంకర్: ఇటు ఒడిశాలో గంజాం, గజపతి, అటు ఆంధ్రాలో ఇచ్ఛాపురం, సోంపేట... చాలా ఇళ్లల్లో సంపాదించేవాళ్లు గల్ఫ్‌లో, పిల్లలు ముసలివాళ్ల దగ్గర. అమ్మా, ముందు మీరు చెప్పండి. బడిలో ఏమైంది?

అమ్మమ్మ: ఏమవుద్ది బాబూ, పని అవలేదు. మనవడికి ఎనిమిదో తరగతి అయిపోయింది, బడి మార్చాలి, టీసీ ఇవ్వండని వెళ్తే తండ్రి సంతకం కావాలన్నారు. తండ్రి దుబాయ్‌లో, మా అమ్మాయి కువైట్‌లో ఒకరింట్లో వంటపని. పాలు మానినప్పట్నుంచీ పెంచుతున్నది నేనే, నేను వేలిముద్ర వేస్తానంటే, గార్డియన్ అని కాగితం ఉందా అని అడిగారు. ఆ రాత్రి ఇమో వీడియో కాల్‌లో అల్లుడు అటునుంచి అరుస్తాడు, నేను ఇటునుంచి అరుస్తాను, ఆ గుంటడు మధ్యలో ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు.

టీచర్: అసలు వాళ్లు ఆపకూడదు. 2009 విద్యాహక్కు చట్టం ఉంది కదా, సర్కారు బడికో ఎయిడెడ్ బడికో మారతామంటే హెడ్‌మాస్టర్ టీసీ వెంటనే ఇవ్వాలి, అది ఆలస్యమైందని కొత్త బడివాళ్లు చేర్చుకోకుండా ఉండకూడదు. కానీ ఆ చట్టం ఎనిమిదో తరగతి దాకానే. తొమ్మిదిలో చేర్చేటప్పుడు కాగితం లేదంటే ఇక బతిమాలుకోవడమే. పిల్లలు చదువు మానేసేది కూడా ఎక్కువగా అక్కడే, నేను చూసినంతవరకు.

వెల్డర్: నేనూ అక్కడే మానేశాను సార్. పది పాసవ్వలేదు కాబట్టి నాది ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే 18 దేశాలకి పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అదే మన సర్కారు అనుమతి, కావాలి. అది తప్పించడానికి ఏజెంట్లు విజిట్ వీసా మీద ఎక్కించేస్తారు, మనవాళ్లు కూడా తొందరగా పనైపోతుందని ఊ అంటారు. పద్ధతిగా క్లియరెన్స్ తీసుకుంటే ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, ప్రమాదంలో పోతే ఇంటికి 10 లక్షలు. విజిట్ వీసావాడికి ఏదీ లేదు. మా నాన్న వలసపోయి నా చదువు పోయింది, ఇప్పుడు మావాడు తొమ్మిదిలో ఉన్నాడు, టెన్షన్‌గానే ఉంది.

యాంకర్: మరి పిల్లల్ని తీసుకెళ్లిపోవచ్చు కదా?

వెల్డర్: జీతం చాలొద్దా? యూఏఈలో ఫ్యామిలీని స్పాన్సర్ చేయాలంటే నెలకి 4,000 దిర్హామ్‌లు రావాలి, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లివ్వాలి. క్యాంపులో పదిమందితో పడుకునేవాడికి అదెక్కడ కుదురుతుంది. కుదిరినా అక్కడ మన సిలబస్ చెప్పే బళ్లన్నీ ప్రైవేటే. ఫీజులు కట్టాక ఇంటికి పంపడానికి ఏం మిగలదు.

యాంకర్: లాయరుగారూ, చట్టం దృష్టిలో ఈ అమ్మమ్మగారు ఎవరు?

లాయర్: ఉన్నమాట చెప్పాలంటే, ఎవరూ కాదు. 1956 గార్డియన్‌షిప్ చట్టంలో సహజ సంరక్షకుడు తండ్రి, తర్వాత తల్లి. ఇంకెవరైనా కావాలంటే 1890 నాటి చట్టం కింద జిల్లా కోర్టుకి వెళ్లాలి. పోనీ ఫాస్టర్ కేర్ అందామా అంటే, 2015 జువైనల్ జస్టిస్ చట్టంలో దాని అర్థం పిల్లాడి సొంత కుటుంబం కాని ఇంట్లో, శిశు సంక్షేమ కమిటీ ఆర్డరు మీద ఉంచడం. పిల్లల సంరక్షణకి కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకంలో నెలకి 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ సాయం ఉంది, బంధువుల దగ్గరున్న అనాథలకి, వితంతువుల పిల్లలకి, ఇంకా అలాంటి కొందరికి ఇస్తారు. అమ్మానాన్నా బతికే ఉండి గల్ఫ్‌లో ఉన్నారు అంటే ఆ దరఖాస్తులో టిక్కు పెట్టడానికి గడే లేదు.

అమ్మమ్మ: డబ్బులు వద్దు బాబూ. సంతకం చాలు.

లాయర్: అర్థమైందమ్మా. విదేశంలో ఇది ఇంకోలా తిరుగుతుంది, అదీ చెప్పాలి. 2011లో నార్వేలోని స్టావంగర్‌లో ఒక బెంగాలీ జంట పిల్లలిద్దర్ని అక్కడి శిశు సంక్షేమ శాఖ తీసేసుకుంది, ఢిల్లీ స్థాయిలో గొడవయ్యాక 2012లో ఎవరికిచ్చారు? చిన్నాన్నకి. ఆ తర్వాత తల్లి మళ్లీ ఇక్కడ పోరాడి తెచ్చుకుంది, అది వేరే కథ. బంధువు పెంచుతాడంటే నార్వే ఒప్పుకుంది, ఇక్కడ టీసీ దగ్గర ఒప్పుకోవట్లేదు.

టీచర్: ఆ పోలిక నాకు పూర్తిగా నచ్చలేదు. అక్కడ కూడా ఊరికే ఒప్పుకోలేదు కదా, ప్రభుత్వాలు కూర్చుంటే ఒప్పుకున్నారు. ఇంకోటి, ప్రతి ఇంటినీ కమిటీ ముందుకి లాగితే పిల్లల్ని సర్కారు బాలల హోమ్‌లో వేసేస్తారేమోనని జనం భయపడతారు, ఉన్నది దాచేస్తారు. 1992లో మన దేశం ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 20వ అధికరణం ఏమంటోంది? పిల్లల పెంపకం తెగిపోకుండా, వాళ్ల భాష, సంస్కృతి చూసుకుని ఏర్పాటు చేయమంటోంది. పర్లాకిమిడి తెలుగు పిల్లాణ్ని తీసుకెళ్లి ఎక్కడో తెలుగు ముక్క వినపడని హోమ్‌లో పెడితే బాగుపడినట్టా? అమ్మమ్మ దగ్గరే ఉండనివ్వండి, బడికి ఒక ఫారం ఇవ్వండి, అంతే.

లాయర్: ఆ ఫారం లేదు కాబట్టే చెప్తున్నా. విమానం ఎక్కకముందే నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించాలి, బడి విషయాలు, ఆసుపత్రి విషయాలు ఫలానావారు చూస్తారు అని. దాంతో గార్డియన్ అయిపోరు, కానీ హెడ్‌మాస్టర్‌కి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. వెళ్లిపోయినవాళ్లయితే అక్కడి మన కాన్సులేట్‌లో అధికార పత్రం రాసి అటెస్ట్ చేయించి పంపాలి. పిల్లాడి పాస్‌పోర్టుకైనా తల్లిదండ్రుల అంగీకారం కావాల్సిందే.

వెల్డర్: చెప్పడం తేలికే సార్. కాన్సులేట్‌కి వెళ్లాలంటే ఫోర్‌మన్ సెలవివ్వాలి, ఆ రోజు జీతం కట్.

అమ్మమ్మ: ఆ ఒక్కరోజు జీతం నా పింఛన్లోంచి ఇస్తానని చెప్తాను అల్లుడితో. మీరు ముందు ఇది చెప్పండి, ఆ కాగితం వచ్చేలోపు తొమ్మిదో తరగతిలో సీటు ఉంచుతారా?

టీచర్: రేపు పొద్దున నేనొస్తాను మీతో. కలిసి అడుగుదాం.