స్టేషన్ రైటర్ దగ్గర మొదలయ్యే పని

అందరికీ నమస్కారం. పోలీసు స్టేషన్లు, జిల్లాలు కేసు వివరాలు పంచుకోవడం గురించి నాలుగు మాటలు చెప్తాను.

మిర్యాలగూడలో బండి ఎత్తుకెళ్లినవాడు వాడపల్లి వంతెన దాటితే పల్నాడు జిల్లాలో ఉంటాడు. అలంపూర్ చౌరస్తా నుంచి తుంగభద్ర దాటితే కర్నూలు, కృష్ణ అనే ఊరి దగ్గర నది దాటితే రాయచూరు. దొంగను ఈ నదులు ఆపవు, కేసు వివరాలను మాత్రం చాలాకాలం ఆపాయి. పైగా 2016లో నల్లగొండ మూడు జిల్లాలైంది. పాలమూరు నుంచి కూడా కొత్త జిల్లాలు వచ్చాయి, 2019లో నారాయణపేట కూడా వేరైంది. హద్దులు ఇంకా పెరిగాయి.

దేశంలోని పోలీసు స్టేషన్లను కలిపే కంప్యూటర్ వ్యవస్థ సీసీటీఎన్ఎస్ 2009లోనే మంజూరైంది. తర్వాత పోలీసు, కోర్టు, జైలు, ఫోరెన్సిక్, ప్రాసిక్యూషన్ వివరాలను కలిపే ఐసీజేఎస్ వచ్చింది. దారి ఉంది. నా బాధంతా ఆ దారిలో పోయే సమాచారం గురించే.

స్టేషన్‌లో రికార్డులు రాసే పోలీసు, అదే స్టేషన్ రైటర్‌ను చూడండి. ఫిర్యాదు రాయాలి, కోర్టు కాగితాలు సర్దాలి, బందోబస్తుకు మనుషుల్ని వేయాలి, ఈ మధ్యలోనే కంప్యూటర్‌లో ఎక్కించాలి. యాదయ్య పేరును ఇంగ్లిషులో ఒక స్టేషన్‌లో ఒకలా, పక్క స్టేషన్‌లో ఇంకోలా కొడతారు. తండ్రి పేరు ఖాళీ. ఊరు ఉంటుంది, మండలం ఉండదు. నేరం చేసిన తీరు దగ్గర ‘తాళం పగలగొట్టి’ అని వదిలేస్తే ఎవరికి పనికొస్తుంది? పగలా, రాత్రా? వెనక తలుపా? ఇంటివాళ్లు పెళ్లికి పోయినప్పుడా? ఇవన్నీ రాస్తేనే నకిరేకల్ కేసు, కల్వకుర్తి కేసు ఒకే ముఠా పని అని తేలుతుంది. రైటర్‌కు టైమ్ ఇవ్వకుండా సర్వర్లు మారిస్తే లాభం లేదు. ప్రతి స్టేషన్‌లో ఒక కానిస్టేబుల్‌ను ఈ పనికే ఉంచండి, బందోబస్తుకు లాగకండి.

పై అధికారులకు ఒక మనవి. కేసులు పెరిగాయని ఎస్ఐని మీటింగ్‌లో నిలబెట్టి అడగొద్దు. అలా అడిగినంతకాలం దొంగతనాన్ని ‘పోగొట్టుకున్నాడు’ అని రాయాలనే టెన్షన్ కింది స్థాయిలో ఉంటుంది. అసలు నేరం లెక్కలోకే రాకపోతే పక్క జిల్లాతో పంచుకునేదేముంది? 2024 జూలై 1 నుంచి సీఆర్పీసీ స్థానంలో అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ చట్టం 173వ సెక్షన్ ప్రకారం, పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. హుజూర్‌నగర్ మనిషి ఫోన్‌ను మాచర్లలో కొట్టేసినా ఇక్కడే రాయండి, మా పరిధి కాదని తిప్పి పంపకండి.

ఇక కోర్టు కొట్టేసిన కేసులు. ఆ తీర్పు వెంటనే రికార్డుకు ఎక్కకపోతే, నిర్దోషిగా బయటపడ్డ యువకుడు పాస్‌పోర్ట్ విచారణలో మళ్లీ నిందితుడిగానే కనిపిస్తాడు. వివరాలు పంచుకునేకొద్దీ తప్పు కూడా అన్ని చోట్లకూ పోతుంది. కోర్టు డ్యూటీ కానిస్టేబుల్ తెచ్చిన తీర్పుల్లో ఇంకా ఎక్కించనివి ఎన్ని ఉన్నాయో నెలనెలా సీఐ స్వయంగా చూడాలి.