18 తర్వాత 1

తమ్ముడు: అక్కా, బావ వాళ్ల ముత్తాతల కోసం జర్మనీ చర్చి పుస్తకాలు తిరగేస్తున్నావట. మధ్యలో ఉన్నట్టుండి ఏమీ లేకపోతే ఏం చేస్తావ్?

అక్క: ఇప్పుడైతే కంగారుపడను. మొదట్లో పడ్డాలే. 1700 ఫిబ్రవరి 18 దాకా బాప్తిస్మాలు చక్కగా ఉన్నాయి, ఆ కింద వరుసలోనే మార్చి 1. పదకొండు రోజులు మాయం! పేజీ ఏమైనా చింపారేమోనని స్కాన్‌ని పెద్దది చేసి కుట్టు దగ్గర కూడా వెతికాను.

తమ్ముడు: చింపారా?

అక్క: లేదురా. అక్కడి ప్రొటెస్టెంట్ రాజ్యాలు ఆ ఏడాదే పాత జూలియన్ క్యాలెండర్ వదిలి, ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్‌కి మారాయి. 19 నుంచి 29 దాకా తారీఖులే లేవు. కాథలిక్ రాజ్యాలు చాలావరకు 1580ల్లోనే మారిపోయాయి. పొలిమేర దాటితే తారీఖు వేరు, నూరేళ్లకు పైగా!

తమ్ముడు: మరి ఏళ్లకేళ్లు లేకపోతే?

అక్క: అప్పుడు మన ఇంటిపేరు పక్కనపెట్టి ఊరంతటినీ చూడాలి. ఎవరి పేరూ లేదంటే పుస్తకానికో పాస్టర్‌కో ఏదో అయిందన్నమాట. 1618 నుంచి 1648 దాకా ముప్పై ఏళ్ల యుద్ధం కదా. 1634లో నోర్డ్‌లింగెన్ దగ్గర ప్రొటెస్టెంట్ పక్షం ఓడాక, దక్షిణ జర్మనీలోని వ్యూర్టెంబెర్గ్ మీద శత్రు సైన్యాలు పడ్డాయి, వెనకే ప్లేగు. పాస్టరే పోతే రాసేదెవరు?

తమ్ముడు: కరణం పోతే లెక్కలు పోయినట్టు.

అక్క: అంతే. ప్రష్యా అనే జర్మన్ రాజ్యంలో అయితే 1794 చట్టం వచ్చాక చర్చి పుస్తకం రెండో ప్రతి కోర్టులో పెట్టేవాళ్లు, అక్కడ అడగొచ్చు. అదే, అందరి పేర్లూ ఉండి మనవాళ్లవే లేకపోతే, వాళ్లు ఊరు మారారేమో! పక్క ఊరి పుస్తకం తెరవాలి. నేను అక్కడే దెబ్బతిన్నాను.

తమ్ముడు: ఏమైంది?

అక్క: ఒకింట్లో యోహాన్ మిఖాయేల్. రెండేళ్లకి యోహాన్ గేయోర్గ్. మొదటి యోహాన్ పోతేనే మళ్లీ ఆ పేరు పెట్టారనుకుని వంశవృక్షంలో వాడి పక్కన శిలువ గుర్తు గీసేశాను. తీరా చూస్తే ఆ ఇంట్లో మగపిల్లలంతా యోహాన్‌లే, పిలిచేది రెండో పేరుతో. చచ్చాడనుకున్న మిఖాయేల్ పక్క ఊళ్లో పెళ్లికొడుకై కనిపించాడు!

తమ్ముడు: కాగితం మీద చంపేశావన్నమాట.

అక్క: మళ్లీ బతికించాలే. పెన్సిల్ గట్టిగా నొక్కేశాను, ఎంత రుద్దినా ఆ శిలువ గాటు మాత్రం పోవట్లేదు.