తల ఎత్తి కొబ్బరి మొవ్వు చూడండి
(నరసాపురం దగ్గర ఒక ఊళ్లో, లేసు అల్లే ఆడవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

అక్కలకీ, చెల్లెళ్లకీ, పిన్నిగార్లకీ నమస్కారం. మెడ గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ముప్ఫై ఏళ్లు వంచిన మెడకి పది నిమిషాలు! సరే, కానిద్దాం.

2024లో మన లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకేనన్న ప్రభుత్వ ముద్ర, వచ్చింది. సంతోషమే. దాన్ని అల్లే మెడల సంగతి ఎవరూ అడగలేదు.

తల బరువు సుమారు 5 కిలోలు. నిటారుగా కూర్చుంటే ఏడు మెడ పూసల మీద అది సర్దుకుంటుంది. ఒళ్లో సూది కోసం వంగామా, వెనక కండరాలు గంటలకొద్దీ దాన్ని పట్టుకుని ఉండాలి. నిండు బిందె చంకన ఉంటే ఒక తీరు, చెయ్యి చాపి పట్టుకుంటే ఒక తీరు.

నాకు మొదట ఎడమ భుజం సలిపేది. ఓ పొద్దున మెడ పట్టేసింది. ఎవరైనా పిలిస్తే మనిషిని మనిషంతా తిరగాల్సి వచ్చేది. మెడ విరిచే ఆయన దగ్గరికి తీసుకెళ్తామన్నారు మావాళ్లు. భయమేసి వెళ్లలేదు, అదే నయమైంది. మెడ పూసల్లోంచి మెదడుకి రక్తనాళాలు వెళ్తాయి. ఆ విరుపులో చిరిగితే పక్షవాతం రావచ్చు. దానికి బదులు మెడపట్టీ కొనుక్కుని రెండు నెలలు తియ్యలేదు. అదీ తప్పే. ఉన్న కాస్త బలమూ పోయింది.

చివరికి భీమవరంలో ఫిజియోథెరపీకి వెళ్లాను. కరెంటు పెడతారు, హాయిగా పడుకోవచ్చనుకున్నా. ఆ అమ్మాయి కాసేపు కాపడం పెట్టి, "ఇది ఉపశమనానికేనండి, అసలు పని మీదే" అంది. ఆ పని చూస్తే నవ్వొచ్చింది. గడ్డం వెనక్కి లాగడం! బస్సులో ముందు నిలబడ్డావిడ కొప్పులో పూలు ముక్కుకి తగులుతుంటే ముఖం వెనక్కి లాక్కుంటామే, అచ్చం అలా. చూపు తిన్నగా ఉండాలి. ఐదు అంకెలు ఆపి వదలాలి, పదిసార్లు. తర్వాత అరచెయ్యి నుదుటికి ఆనించి, తల కదలకుండా ఒకదాన్నొకటి నెట్టడం.

రెండో వారంలో నొప్పి పెరిగింది. మానేస్తానన్నాను. "మర్నాటికి తగ్గిపోతే అది పని చేసిన కండరం నొప్పి. చేతిలోకి జారి ఉండిపోతే చెప్పండి, వ్యాయామం తగ్గిద్దాం" అంది. మన వశిష్ఠ గోదారి పోటూపాటూ లాగే, ఒక రోజు హాయి, రెండ్రోజులు సలుపు. నెలన్నరకి రోడ్డు దాటుతుంటే లారీ హారన్ వినబడి తల ఒక్కటే తిరిగింది, ఒళ్లు తిరగలేదు. నమ్మలేక నడిరోడ్డు మీదే ఇంకోసారి తిప్పి చూసుకున్నా. లారీ ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పలేను.

ఒక్క మాట. చేతిలో పట్టు తగ్గి సూది జారిపోతున్నా, నడక తూలుతున్నా, మూత్రం అదుపు తప్పినా వ్యాయామాలంటూ కూర్చోకండి. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇప్పుడు ఒళ్లో రెండు దిండ్లు వేసుకుని పనిని పైకి తెచ్చుకుంటున్నాను. ఒక పువ్వు అవగానే తల ఎత్తి పెరట్లో కొబ్బరి మొవ్వు చూస్తాను. కూలి కాస్త తగ్గింది, అబద్ధమెందుకు? పువ్వుకింతని ఇచ్చే కూలికి తలెత్తే తీరిక ఎక్కడిదని మొన్న ఒకావిడ అడిగింది. ఆవిడకి నేనేం చెప్పలేకపోయాను.

సరే, సూదులు పక్కన పెట్టండి. గడ్డం వెనక్కి. రెండో వరసలో పిన్నిగారూ, తల పైకెత్తకూడదు, తిన్నగా చూడండి... ఆఁ, అంతే. ఒకటి... రెండు...