ఓడ ఎంత దూరంలో ఉంది?

విద్యార్థులకూ, వారిని వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకూ, తోటి ఉపాధ్యాయులకూ నమస్కారం.

త్రిభుజాల రకాలను మన పిల్లలు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. భుజాలను బట్టి సమబాహు, సమద్విబాహు, విషమబాహు. కోణాలను బట్టి అల్పకోణ, లంబకోణ, అధికకోణ. పాఠం అక్కడితో ఆగిపోతే నాకు బాధగా ఉంటుంది. త్రిభుజం ఆకారాన్ని బట్టే మన కొలతను ఎంతవరకు నమ్మవచ్చో తేలుతుంది. ఈ రోజు ఆ ఒక్క విషయమే చెబుతాను.

మన విశాఖపట్నం బీచ్ రోడ్డుకే వెళ్దాం. రేవులో చోటు కోసం లంగరు వేసుకుని నిలిచిన ఓడ ఒకటి కనిపిస్తోంది. ఒడ్డున 500 మీటర్ల ఎడంతో ఇద్దరు నిలబడండి. మీ ఇద్దరినీ కలిపే గీతకూ, ఓడ వైపు సాగే మీ చూపుకూ మధ్య కోణం ఎంతో ఎవరికి వారు కొలవండి. ఒక భుజం, దాని రెండు కొసల్లోని కోణాలు తెలిస్తే ఇక ఒకే ఒక్క త్రిభుజం సాధ్యం. నీళ్లలో కాలు పెట్టకుండానే ఓడ దూరం లెక్కకు అందుతుంది.

రెండు కోణాలూ 87 డిగ్రీలే అనుకోండి. మూడు కోణాల మొత్తం 180 కనుక ఓడ దగ్గర మిగిలేది 6 డిగ్రీలు. దూరం సుమారు 4,777 మీటర్లు. ఇప్పుడు మీలో ఒకరు 87ను 88 అని చదివారు. బడిలో వాడే కోణమానినితో ఆ మాత్రం తేడా మామూలే. కానీ రెండోవారి నుంచి ఓడ దూరం 5,733 మీటర్లకు ఎగబాకుతుంది! ఒక్క డిగ్రీకి దాదాపు కిలోమీటరు. అదే సమబాహు త్రిభుజంలో 60కి బదులు 61 చదివితే 500 మీటర్లు 510 అవుతాయి, అంతే.

రెండు కోణాలూ లంబకోణానికి దగ్గరవుతున్న కొద్దీ రెండు చూపులూ సమాంతరం కావస్తాయి. సరిగ్గా 90, 90 అయితే ఎప్పటికీ కలవవు. త్రిభుజంలో రెండు లంబకోణాలు ఉండవని చదివే వాక్యం వెనక ఉన్నది ఇదే. సమాంతరానికి చేరువైన గీతల్లో ఒకదాన్ని ఇసుమంత తిప్పినా అవి కలిసే చోటు ఎక్కడికో జరిగిపోతుంది. ఓడను దగ్గరకు లాగలేం కాబట్టి ఆధార రేఖను, అంటే ఒడ్డున మీ ఇద్దరినీ కలిపే గీతను పొడిగించాలి. ఒకరు ఆర్కే బీచ్ దగ్గర, ఇంకొకరు తెన్నేటి పార్కు దగ్గర నిలబడితే, వారికి నడుమగా ఆగిన ఓడ ఎంతో నమ్మకమైన త్రిభుజాన్ని ఇస్తుంది.

1802లో బ్రిటిష్ సైనికాధికారి విలియం లాంబ్టన్ మద్రాసులో ఆధార రేఖ కొలిచి మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే, అంటే దేశాన్ని త్రిభుజాలతో కొలిచిన సర్వే, నడిచింది ఈ పద్ధతిలోనే. నేల మీద ఒక్క భుజం కొలిచి, కొండ నుంచి కొండకు కోణాలతో సాగిపోయారు. సన్నటి త్రిభుజాలను వీలైనంత తప్పించారు. అయినా తప్పులు పేరుకుంటాయి గనుక దేశంలో అక్కడక్కడ కొత్త ఆధార రేఖలు కొలిచి సరిచూసుకున్నారు. వాటిలో ఒకటి 1862-63లో మన విశాఖపట్నం రేఖ.

అంత పెద్ద త్రిభుజాల్లో కోణాల మొత్తం 180ని కొద్దిగా దాటుతుంది, భూమి గుండ్రన కాబట్టి. త్రిభుజం వైశాల్యంలో సుమారు 197 చదరపు కిలోమీటర్లకు ఒక సెకను చొప్పున, అంటే డిగ్రీలో 3,600వ వంతు చొప్పున పెరుగుతుంది. సర్వేయర్లు ఆ సెకన్లను కూడా లెక్కలోకి తీసుకున్నారు.