రోహిణి కార్తె ఎండల్లో వర్మీ కంపోస్ట్ ఎలా వాడాలి?

నమస్తే అండి. "వర్మీ కంపోస్ట్ బస్తా తెచ్చి వేశాం, మొక్కల్లో మార్పేం కనపడలేదు" అని ఈ వేసవిలో చాలామంది అడుగుతున్నారు. ఎక్కువగా విజయవాడ, గుంటూరు మిద్దె తోటల వాళ్లే. పంపిన ఫొటోలు చూస్తే కారణం తెలిసిపోతోంది. ఎరువు మట్టి మీద పైపైన చల్లి ఉంది, ఎండకు పొడిపొడి అయిపోయింది.

ముందు ఒక లెక్క చెప్తాను. యూరియాలో నత్రజని 46 శాతం. వర్మీ కంపోస్ట్‌లో, అంటే వానపాముల ఎరువులో ఉండేది సుమారు ఒకటిన్నర, రెండు శాతం. కాబట్టి నాలుగు రోజుల్లో ఆకు ముదురు పచ్చగా మారాలని చూస్తే నిరాశే. దీని అసలు బలం అందులో బతికి ఉన్న సూక్ష్మజీవులు. వానపాము పొట్టలోంచి వచ్చిన ఆ మెత్తటి గుళికల్లో అవి కోట్లలో ఉంటాయి. మట్టిని గుల్లగా ఉంచేదీ, పోషకాలను వేరుకు కొద్దికొద్దిగా అందించేదీ అవే. వాటికి తడి కావాలి, నీడ కావాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండలో స్లాబు మీద కుండీలో పైన ఎరువు చల్లి వదిలేస్తే అవి ఎలా బతుకుతాయి చెప్పండి?

అందుకే ఎరువు సాయంత్రం పూటే వేయండి. పన్నెండు అంగుళాల కుండీకి రెండు మూడు గుప్పెళ్లు చాలు. పై మట్టిని రెండు అంగుళాల లోతు మెల్లగా గుల్ల చేసి, ఎరువు కలిపి, నీళ్లు పోయండి. ఆ తర్వాత పైన ఎండుటాకులో, వరిగడ్డో, కొబ్బరి పీచో మందంగా కప్పండి. ఈ కప్పడం మాత్రం దయచేసి మానొద్దు. మన ఎండలకు ఎరువు ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం. నెలకోసారి ఇలా చేస్తే వంగ, బెండ, టమాటా మొక్కలకు సరిపోతుంది. కాపు మీదున్న మొక్కకైతే ఇరవై రోజులకే మళ్లీ వేయొచ్చు.

మన గుంటూరు వైపు నల్లరేగడి మట్టి తెచ్చి కుండీలు నింపేవాళ్లు చాలామంది ఉన్నారు. అది ఎండితే బీటలు వారుతుంది, తడిస్తే ముద్దవుతుంది. ఆ మట్టి రెండు పాళ్లు, కొబ్బరి పొట్టు ఒక పాలు, వర్మీ కంపోస్ట్ ఒక పాలు కలపండి. వేరు హాయిగా పారుతుంది.

కొనేటప్పుడు చేత్తో పట్టుకుని చూడండి. బాగా తయారైన ఎరువు టీ పొడిలా నల్లగా, తేలిగ్గా, కాస్త తడిగా ఉంటుంది. వాన పడ్డాక వచ్చే మట్టి వాసన వస్తుంది. కుళ్లు వాసన వస్తున్నా, బస్తాలో చెయ్యి పెడితే వేడిగా తగిలినా అది ఇంకా మాగలేదు, వేర్లను దెబ్బ తీస్తుంది. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడిందంటే ఇసుక కలిసినట్టే. గ్లాసు నీళ్లలో చెంచాడు వేసి కలపండి, ఇసుక వెంటనే అడుగుకు దిగిపోతుంది.

ఇంట్లోనే తయారు చేసుకునేవాళ్లకు ఒక మాట. మన వంటింట్లో ఉప్పూ కారమూ నూనే ఎక్కువ. మిగిలిపోయిన పచ్చళ్లు, కూరలు, మిరపకాయ ముచ్చికలు, నిమ్మ తొక్కలు వానపాముల డబ్బాలో వేయకండి, అవి తట్టుకోలేవు. అరటి తొక్కలు, ఆకుకూరల కాడలు, నాలుగు రోజులు వాడ్చిన కూరగాయ ముక్కలు వేయండి. డబ్బా లోపల వేడి 35 డిగ్రీలు దాటితే వానపాములు చచ్చిపోతాయి. కాబట్టి మే నెలలో డబ్బాను మిద్దె మీంచి దించి, కింద మెట్ల పక్క నీడలో పెట్టి, పైన తడి గోనెపట్టా కప్పండి.

మిగిలిన బస్తాను కూడా అక్కడే ఉంచండి. మూతి మరీ బిగించి కట్టకండి, గాలి ఆడాలి. ఎండినట్టు అనిపిస్తే కాసిని నీళ్లు చిలకరించండి, అంతే.