పీత మొప్పల్లో పొదిగే గుడ్లు

శ్రోతలకు నమస్కారం.

ఒంటి మీద పొలుసు ఉండదు. చేతిలోకి తీసుకుంటే జున్నుముక్కలా వణుకుతుంది. ఇంత మెత్తటి చేప సముద్రపు అడుగున ఎలా బతుకుతుందా అనిపిస్తుంది. కానీ 2022లో జపాన్ దగ్గరి ఇజు-ఒగసవరా అగాధంలో, 8,336 మీటర్ల లోతున కెమెరాకు చిక్కింది ఈ కుటుంబపు చేపే. ఇంగ్లీషులో స్నెయిల్‌ఫిష్ అంటారు. మనం నత్తచేప అనుకుందాం.

శాస్త్రవేత్తలు ఈ కుటుంబానికి పెట్టిన పేరు లిపారిడే. ఇందులో 400కు పైగా జాతులున్నాయి. కొన్ని తీరంలో రాళ్ల మధ్యే తిరుగుతాయి. చాలావాటికి పొట్ట కింది రెక్కలు కలిసిపోయి, రాయిని పట్టుకుని ఉండే గుండ్రటి గిన్నెలా మారాయి. పారాలిపారిస్ అనే ప్రజాతికి ఆ గిన్నె కూడా లేదు. ఇలాంటి గుర్తులు చూసే వీటిని జాతులుగా విడదీస్తారు. చిక్కేమిటంటే, లోతు నుంచి పైకి తెచ్చేసరికి పలచటి చర్మం చిరిగి, ఒళ్లు నలిగిపోతుంది. అందుకే ఇప్పుడు సీటీ స్కాన్, డీఎన్ఏ పరీక్ష కూడా చేస్తున్నారు. కాలిఫోర్నియా తీరంలో 2019లో దొరికిన గులాబీ రంగు, బొడిపెల చేపకు అలాగే పరీక్షించి 2025లో కేరోప్రాక్టస్ కొలిక్యులై అని పేరు పెట్టారు. దొరికింది ఒక్కటంటే ఒక్కటే చేప!

ఈ కేరోప్రాక్టస్ ప్రజాతి చేపల్లో కొన్ని గుడ్లు పెట్టే తీరు వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆడచేప ఒక గొట్టం లాంటి అవయవాన్ని కింగ్ క్రాబ్ అనే పెద్ద పీత డిప్ప కిందికి పోనిచ్చి, మొప్పల గదిలో గుడ్లు పెట్టేస్తుంది. పీత ఊపిరి కోసం లోపలికి లాక్కునే నీళ్లే గుడ్లకూ ప్రాణవాయువు అందిస్తాయి. గట్టి డిప్ప కాపలా ఎలాగూ ఉంది. పాపం, పీతకు మాత్రం మొప్పలు నలిగి దెబ్బతింటాయి.

మరీ లోతున ఉండే మరియానా నత్తచేప జానెడే ఉంటుంది. దాని పెద్ద గుడ్డు మాత్రం దాదాపు 1 సెంటీమీటరు! అలాంటి గుడ్లు కడుపులో కొన్నే ఉంటాయి.

మళ్లీ పీత దగ్గరికి వద్దాం. అలాస్కా వైపు పట్టిన పీతల డిప్ప విప్పితే గుడ్ల ముద్దలు కనిపించేవి. కంటితో చూసి ఏ జాతివో చెప్పడం కష్టం. చివరికి ఆ గుడ్ల డీఎన్ఏనే తల్లి జాతి ఏదో చెప్పింది.